ఒకే కథతో వారమంతా అన్ని సబ్జెక్టులూ నడపాలట. ఎవరైనా నిజంగా చేశారా?

తండాబడి
దేవరకొండ వైపు ఒక తండాలో బడి మాది. నేనొక్కదాన్నే టీచర్ని, ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే హాల్లో. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో చిన్న తరగతులకు ఒక జంతువుల కథ తీసుకుని, దాని చుట్టే తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, పరిసరాలు, బొమ్మలు అన్నీ నడపమన్నారు. అంశం 'ఇల్లు'. నేను కాకి ఇల్లు, పిచ్చుక ఇల్లు కథ తీసుకున్నా. అదే, కాకి పేడతో కట్టుకుంటుంది, పిచ్చుక రాళ్లతో కట్టుకుంటుంది, వానొచ్చి కాకి ఇల్లు కొట్టుకుపోతే పోయి పిచ్చుక తలుపు కొడుతుంది. కథ చెప్తున్నంత సేపు పిల్లలు కదల్లేదు. తర్వాత లెక్కల పీరియడ్‌లో "కాకి దగ్గర ఐదు పిడకలున్నాయి, రెండు వానకు కొట్టుకుపోయాయి" అన్నానో లేదో, రెండో తరగతి వాడొకడు లేచి "కథ అయిపోయింది కదా మేడం, ఇంక లెక్కలు చెప్పు" అన్నాడు.

లెసన్ ప్లాన్ ఫార్మాట్‌లో ప్రతి సబ్జెక్టుకూ ఒక గడి ఉంది. ఖాళీ ఉంచితే అడుగుతారు. ఇంగ్లీషు గడిలో క్రో, స్పారో, హౌస్ అని రాసి ఊరుకున్నా. దీన్ని అనుసంధానం అంటారా, గడులు నింపడం అంటారా? ఇంకో చిక్కు, 'మీ ఇంటి బొమ్మ వేయండి' అంటే చాలామంది అమ్మానాన్నలు పుణె, ముంబై పనుల్లో ఉన్నారు, "ఏ ఇల్లు వేయాలి?" అని అడుగుతున్నారు. చేసినవాళ్లు చెప్పండి. మీటింగులో వినిపించే మాటలు మాత్రం వద్దు, అవి నా దగ్గర చాలానే ఉన్నాయి.

నకిరేకల్_నాన్న
ఆ రెండో తరగతి పిలగానికి ఎంఈవో (మండల విద్యాధికారి) పోస్టు ఇయ్యాలె.

పాలమూరు_పంతులు
కాకికి పిడకలు తగిలిస్తే అది తీసివేత పాఠం అయిపోదమ్మా. ఆ లెక్కలో కాకి లేకపోయినా, పిడకలకు బదులు మామిడికాయలున్నా ఏమీ మారదు. పిల్లవాడు పట్టుకున్నది అదే.

ఇదేదో కొత్త సంగతిలా చెప్తున్నారు కానీ, 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీం, అంటే కొత్త చదువు, అన్నప్పుడే ఒక పని చుట్టూ అన్ని సబ్జెక్టులూ అల్లాలన్నారు. ఆ చదువుకు ప్రణాళిక వేసిన కమిటీకి పెద్ద జాకిర్ హుస్సేన్, పుట్టింది మన హైదరాబాద్‌లోనే. అయితే అక్కడ మధ్యలో పెట్టింది కథ కాదు, నూలు వడకడం లాంటి పని. నూలు వడికితే ఎన్ని గజాలొచ్చిందో కొలవకుండా పని ముందుకు పోదు, పత్తి ఎక్కడ పండుతుందో అడగకుండా ఉండలేరు. లెక్క ఆ పనిలోనే ఉంది. కథకు లెక్కతో అవసరం లేదు. అవసరం లేని చోట లెక్క దూర్చితే కథా చెడుతుంది, లెక్కా చెడుతుంది. నేను చెప్పేది ఒకటే, కథను తెలుగు పీరియడ్‌లో వదిలేయండి, హాయిగా ఉంటుంది.

డీఎడ్_సెకండియర్
దీనికి రెడీమేడ్ ప్లాన్ పీడీఎఫ్ ఎవరి దగ్గరన్నా ఉందా?

నకిరేకల్_నాన్న
వచ్చిండు పీడీఎఫ్ బాబు.

అంగన్‌వాడీ_అక్క
పంతులు గారూ, మూడు నాలుగేళ్ల పిల్లలతో ఉండి చూడండి, కథలోనే లెక్కుంది. పిచ్చుక తలుపు తీయదు కదా, "ఆగు, బిడ్డకు నీళ్లు పోస్తున్న", "ఆగు, ఒళ్లు తుడుస్తున్న", "ఆగు, అంగీ తొడుగుతున్న", "ఆగు, బొట్టు పెడుతున్న", "ఆగు, బువ్వ తినిపిస్తున్న" అని వరుసగా చెప్తుంది. మా పిల్లలకు ఆ వరుస నోటికొచ్చు. ఒకరోజు కావాలని అంగీ తొడిగాక నీళ్లు పోసినట్టు చెప్పా. "అంగీ తడుస్తది టీచర్!" అని ఒకటే అరుపులు. ముందేది, తర్వాతేది, మధ్యలో ఏది అనేది ఈ వయసులో లెక్కలే కదా. ఐదు బొమ్మలు గీసి కలిపేసి ఇచ్చినా వరుసలో పెడతారు. తలుపు కొట్టిన ప్రతిసారీ ఒక చింతగింజ పక్కన పెడతారు, కాకి ఎన్నిసార్లు కొట్టిందో చివర్లో లెక్కపెడతారు. ఆ లెక్క వాళ్లకు కావాలి, ఎందుకంటే కాకి మీద జాలి.

పాలమూరు_పంతులు
ఇది ఒప్పుకుంటా. ఆ వరుస తీసేస్తే కథే లేదు. పిడకల లెక్క మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

వనపర్తి_వాణి
కథ చివర సంగతేంటి మరి? తలుపు తీశాక కాకి చలి కాచుకోవడానికి పోయి పొయ్యి మీద కూర్చుంటుంది, కాలిపోతుంది. మా పాప ఎల్‌కేజీలో అది విని రాత్రి నిద్రపోలేదు. పిల్లలకు చెప్పాల్సిన కథేనా ఇది?

నకిరేకల్_నాన్న
మా నాయనమ్మ చెప్తే కాకి ముడ్డి కాల్చుకుని కావ్ కావ్ అని ఉరికేది. మేం పడి పడి నవ్వెటోళ్లం. మీ పాపకు చెప్పినాయన మరీ సీరియస్‌గా చెప్పిండేమో.

అంగన్‌వాడీ_అక్క
మా దగ్గర ఒక పిల్లవాడు ఏడ్చాడు కూడా. నేను చివర మార్చలేదు, పిల్లలనే అడిగా, పిచ్చుక తలుపు తీయాల్సిందా వద్దా అని. సగం మంది తీయాలన్నారు. ఒకమ్మాయి "కాకి లోపలికొస్తే పిచ్చుక పిల్లల్ని తింటది" అంది. నిజమే కదా, కాకి పిట్ట పిల్లల్ని ఎత్తుకుపోవడం వాళ్లు చూసినదే. ఆ తర్వాత పిచ్చుకను ఎవరూ తిట్టలేదు.

పిట్టలదొర
ఇక్కడిదాకా ఆగా, ఇంక ఆగలేను. కాకి పేడతో గూడు కట్టదు. పుల్లలు, వేర్లు, పీచు, ఊళ్లలో అయితే ఇనుప తీగ ముక్కలు కూడా ఏరుకొస్తుంది. పిచ్చుక రాళ్లు మోయదు. గోడ కంతలో, పెంకుల సందులో, దేవుడి పటం వెనక గడ్డీ గుడ్డపీలికలూ ఈకలూ కుక్కుతుంది. స్లాబు ఇళ్లల్లో ఆ సందులు పోయాయి, పిచ్చుక తగ్గడానికి అదీ ఒక కారణమే.

అసలు సంగతి వేరే ఉంది. గూడు పిట్టకు ఇల్లు కాదు. అది పురిటిల్లు. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు ఎగిరిపోయేదాకే ఆ గూడు. తర్వాత చాలా పిట్టలు కొమ్మల మీదే పడుకుంటాయి. కాకులైతే సాయంత్రం కాగానే గుంపులు గుంపులుగా ఒకే చోట చేరతాయి, మీ ఊళ్లో రావి చెట్టు కింద నిలబడి చూపించండి. 'ఏ జంతువు ఇల్లు ఏది' అని ఒక పట్టీ రాసి గీతలు కలిపిస్తారే, పక్షికి గూడు, సాలీడుకు సాలెగూడు, పాముకు పుట్ట, తాబేలుకు డిప్ప అని, అందులో చాలావరకు తప్పే. సాలెగూడు పురుగుల్ని పట్టే వల. తాబేలు డిప్ప దాని వెన్నెముకా పక్కటెముకలూ కలిసి పెరిగిన ఒళ్లు, అందులోంచి బయటికి రాలేదు. చొక్కా విప్పినట్టు డిప్ప విప్పి పక్కన పెట్టిన తాబేలు బొమ్మను ఒక వర్క్‌బుక్కులో చూసి తల పట్టుకున్నా.

నకిరేకల్_నాన్న
పిట్టలదొర అని కోతలు కోసే వేషగాని పేరు పెట్టుకుని నిజాలు చెప్తే ఎట్లనే? నీ గుర్రం, నీ తుపాకీ, నీ కోతలు ఏడవాయె?

సామెతల_సత్తెమ్మ
చీమలు పెట్టిన పుట్ట పాములకు నెలవైనట్టు అని పెద్దలే అన్నారు. పాముకు పుట్ట ఇల్లు కాకపోతే నాగులచవితికి మేమంతా పాలు ఎవరికి పోస్తున్నాం?

పిట్టలదొర
అమ్మా, ఆ సామెతలో పాము పుట్ట కట్టలేదనే ఉంది కదా, అది నా మాటకే బలం. పుట్ట కట్టేది మామూలు చీమలు కూడా కాదు, చెదలు. మట్టికి తమ లాలాజలం కలిపి కట్టుకుంటాయి, అందుకే అంత గట్టి. చాలా పాములకు తవ్వడం చేతకాదు, ఎలుక బొరియో వదిలేసిన పుట్టో దొరికితే దూరుతాయి. సామెత పిల్లలకు చెప్పండి, పక్కనే చెదల సంగతీ చెప్పండి. రెండూ తెలిస్తే నష్టమేముంది?

గిజిగాడి సంగతి కూడా చెప్పి ఆగుతా. మన దగ్గర వానాకాలంలో దాని గూళ్లు బావుల మీదికి వంగిన ఈత చెట్లకు, తుమ్మలకు వేలాడుతుంటాయి. మగపిట్ట గడ్డిపోచలు, వరి ఆకులు చీల్చి తెచ్చి అల్లుతుంది. సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది, నచ్చితే మిగతాది పూర్తిచేస్తాడు, నచ్చకపోతే అది అట్లాగే వేలాడుతుంటుంది. లోపల గోడకు తడిమట్టి ముద్దలు కూడా అంటిస్తాడు. పాత గూడు రాలిపడితే తెచ్చి నిలువునా కోసి చూపించండి. చెట్టు మీదది మాత్రం తెంపొద్దు, 1972 వన్యప్రాణి చట్టంలో పక్షుల గుడ్లూ గూళ్లూ చెడగొట్టడం వేట కిందే లెక్క.

వనపర్తి_వాణి
ఆడపిట్ట వచ్చి ఇల్లు చూసి నచ్చలేదని పోతుందా! ఇది మా ఇంటాయనకు చదివి వినిపిస్తా.

తండాబడి
పిట్టలదొర గారూ, ఈ గూడు ఇల్లు కాదన్న మాట పిల్లలకు చెప్తే "మరి కోయిల?" అన్నారు. కోయిల గూడే కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది అని చెప్పా. అయిపోయింది, కథ మొత్తం తలకిందులైంది. "కాకి మంచిది మేడం, వేరేవాళ్ల పిల్లల్ని సాకుతది, పిచ్చుకే చెడ్డది" అని మూడో తరగతి పిల్ల తీర్పు ఇచ్చేసింది. కాకికి తెలియకుండా జరుగుతుంది కదా అంటే, "తెలియకున్నా బువ్వ పెట్టింది కదా" అంటుంది. దీన్ని ఏ గడిలో రాయాలి?

లెక్కలసారు_కల్వకుర్తి
పంతులు గారితో సగం ఒప్పుకుంటా. కథకు లెక్క తగిలించకూడదు, కానీ గూడు అనేది కొలతల్లేకుండా లేదు. నేను చేసింది చెప్తా. కాకి ఒక విడతకు నాలుగైదు గుడ్లు పెడుతుంది. కోడిగుడ్డు కంటే చిన్నగా ఉన్న గులకరాళ్లు నాలుగేసి ఇచ్చి, ఈ గుడ్లు పడిపోకుండా పుల్లలతో గూడు కట్టండి అన్నా. జిగురు లేదు, దారం లేదు, కాకికి ఉండదు కాబట్టి. గంట తర్వాత ఒక్క గుంపుదీ నిలవలేదు. అప్పుడు మొదలైంది, "నీ పుల్లలు పొట్టివి", "జానెడు కావాలి", "నా జాన వేరు నీ జాన వేరు". ఇద్దరు కొలిస్తే ఒకే పుల్ల ఒకరికి జాన, ఇంకొకరికి జానా రెండు వేళ్లు వచ్చింది. కొట్లాట. స్కేలు నేను ఇవ్వలేదు, వాళ్లే అడిగి తీసుకున్నారు. పొడుగు పుల్లలు కింద, పొట్టివి పైన, వంగేవి చుట్టూ అని వేరుచేసుకున్నారు. ఈ లెక్కలో కాకిని తీసేసి మామిడికాయ పెట్టలేరు పంతులు గారూ.

పాలమూరు_పంతులు
పెట్టలేను. బాగుంది. అయితే ఇక్కడ పని చేసింది కథ కాదు, గూడు. అందుకే నేను వార్ధా మాటెత్తింది.

లెక్కలసారు_కల్వకుర్తి
కథ లేకపోతే ఆ పిల్లలు పుల్లలు పట్టుకుని గంటసేపు కూర్చునేవాళ్లు కాదు. కూర్చోబెట్టింది కథే.

గద్వాల_గడుగ్గాయి
ఈ ఫార్మాట్లు రాయించుకునేవాళ్లు ముందు మా ట్రాన్స్‌ఫర్లు, డీఏ బకాయిల సంగతి

మోడరేటర్
దానికి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ కాకి, పిచ్చుక మాత్రమే.

తాపీమేస్త్రి
నేను టీచర్ని కాదు. నాగర్‌కర్నూల్ వైపు మాది, పుణెలో బిల్డింగు పని. నా కొడుకు ఊర్ల మా అమ్మ దగ్గరుండి మూడో తరగతి చదువుతుండు. తండాబడి మేడం రాసినట్టే వాళ్ల బడిల కూడా ఇల్లు బొమ్మ ఏయమన్నరంట. పుస్తకంల ఉన్నట్టు ఎర్ర పెంకులు, రెండు కిటికీలు, పక్కన కొబ్బరిచెట్టు ఏసిండు. మాకు కొబ్బరిచెట్టు లేదు, పెంకులు లేవు. ఎండాకాలం సెలవులల్ల నా దగ్గరికొచ్చి ఉన్నప్పుడు రేకుల షెడ్డుల ఉన్నం, అది ఎందుకు ఎయ్యలేదురా అంటే "అది ఇల్లు కాదు నాన్న" అన్నడు. ఊర్ల ఇల్లు ఎందుకు ఎయ్యలేదంటే "అండ్ల మీరు లేరు" అన్నడు.

మా పాలమూరోళ్లు డ్యాములు కట్టిర్రు, రోడ్లు పోసిర్రు, బొంబాయిల మేడలు లేపిర్రు. ఇల్లు ఎట్ల కడతరో మా పిల్లలకు తెలిసినంత ఎవ్వరికి తెల్వదు. గోడకు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లు, ప్లాస్టరింగుకు నాలుగు పాళ్లు అని నా కొడుకు నిద్రల లేపినా చెప్తడు. గుండు ఏలాడదీసి గోడ నిటారు చూసుడు వచ్చు. ఈటిని ఎవరన్న బడిల అడిగిర్రా? బొమ్మ ఏయమనే బదులు, మీ నాన్న ఏ పని చేస్తడు, ఏమేం సామాను వాడతడు అని అడగుర్రి, వాడే రోజంతా చెప్తడు.

తండాబడి
అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివా. సోమవారం ఇదే అడుగుతా.

పాలమూరు_పంతులు
మేస్త్రీ గారూ, ఒకటికి ఆరు, ఒకటికి నాలుగు... నిష్పత్తులని మేం పై తరగతిలో చెప్తే సగం మంది తల ఊపి ఊరుకుంటారు. మీవాడిని ముందు పెట్టి పాఠం నడపాలి.

అంగన్‌వాడీ_అక్క
'మీ ఇల్లు' అనకుండా 'నువ్వు పడుకునే చోటు' అని అడిగితే చాలామంది పిల్లలకు తేలికవుతుంది. నాయనమ్మ పక్కన, మంచం మీద, మేనత్త ఇంట్లో అని చెప్తారు. ఎవరూ దాచుకోరు. ఎవరు లేరు అని మనం గుచ్చి అడగక్కర్లేదు.

వనపర్తి_వాణి
సామాను మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మా పాత ఇల్లు మట్టి మిద్దె. పైన చౌడుమట్టి పరిచేవాళ్లు, అది నీళ్లు లోపలికి దిగనివ్వదు. వానాకాలం ముందు ప్రతి ఏడూ మా తాత కొత్త మట్టి వేయించేవాడు. పిల్లలను ఊళ్లో తిప్పి గుడిసె, మిద్దె, పెంకుటిల్లు, రేకులిల్లు, స్లాబు వరుసగా చూపించి ముసలివాళ్లతో మాట్లాడిస్తే పరిసరాల పాఠం అదే అవుతుంది, కాకి ఇంటి దగ్గర మొదలుపెట్టి మీ ఊరి చివర తేలొచ్చు.

తండాబడి
ఈ రోజు చేసింది రాస్తున్నా. కాకి ఇల్లు నిజంగా కొట్టుకుపోతుందా చూద్దామన్నారు పిల్లలు. ఒక పళ్లెంలో పచ్చి పేడ ముద్ద, ఇంకో దాంట్లో ఎండిన పిడక, మట్టి ముద్ద, గడ్డి కలిపి ఎండబెట్టిన మట్టి ముద్ద, గులకరాళ్ల కుప్ప. ప్లాస్టిక్ డబ్బా మూతకు మేకుతో రంధ్రాలు పెట్టి వాన. పచ్చి పేడ పోయింది, ఉత్త మట్టి కరిగింది. గడ్డి కలిపిన ముద్ద చాలాసేపు నిలిచింది. పిడక కూడా వెంటనే పోలేదు, పైపైన తడిసి అట్లాగే ఉంది. రాళ్ల కుప్ప చెక్కు చెదరలేదు గానీ నీళ్లన్నీ సందుల్లోంచి కిందికి కారాయి, "పిచ్చుక ఇల్లు కురుస్తది" అని గోల. పిడక దగ్గర అందరూ గుమిగూడి "కథలో తప్పుంది" అన్నారు. కాసేపటికి మొదటి రోజు నన్ను లెక్కలు చెప్పమన్నవాడే, "తప్పు లేదు, కాకి ఇల్లు ఎండకముందే వానొచ్చింది" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ఐదో తరగతి పిల్లలు ఏది ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి రాసుకున్నారు, చిన్నవాళ్లు బొమ్మలు వేశారు. ఒకే హాలు అయినందుకు ఇదొక్కటే లాభం.

పిట్టలదొర
శభాష్. పనిలో పని, కిటికీ మూలల్లో పాత మట్టి గూళ్లుంటాయి చూడండి, కందిరీగ జాతివి. కన్నం పడి ఖాళీ అయినది ఒకటి గీకి విప్పండి. కొన్నిట్లో ఎండిపోయిన సాలీళ్లు దొరుకుతాయి, పిల్లపురుగు తినడానికి తల్లి కుట్టి పడేసి దాచినవి. మీవాళ్లు ఆ రోజు ఇంటికి పోరు.

లెక్కలసారు_కల్వకుర్తి
మహబూబ్‌నగర్ దగ్గరున్నవాళ్లకు పిల్లలమర్రి ఉంది. దాదాపు ఏడు వందల ఏళ్ల చెట్టంటారు, ఊడలే కాండాలై ఎకరాల మీద పరుచుకుంది. 2018లో చెదలు తొలిచేస్తుంటే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, కొమ్మలకు దిమ్మెలు కట్టి నిలబెట్టారు. పిట్టలకు, ఉడతలకు, చీమలకు అది నీడ, చెదలకూ అదే తిండి. ఎవరిని ఉండనివ్వాలి, ఎవరిని వెళ్లగొట్టాలి అని అడిగితే నాలుగో తరగతి వాళ్లు గంట వాదించుకుంటారు. కోర్టులో కూడా అంత వాదన ఉండదు.

సామెతల_సత్తెమ్మ
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. మీరు ఇల్లు కట్టకుండానే ఇంత చూపిస్తున్నారు.

పాలమూరు_పంతులు
తండాబడి, ఫార్మాట్ సంగతి. గడులన్నీ మొదటి రోజే నింపకండి. ఏది నడిచిందో అది వారం చివర రాయండి. ఇంగ్లీషు గడిలో ఈ వారం ఏమీ లేకపోతే 'విడిగా బోధించాను' అని రాయండి. అడిగితే నేనొచ్చి మాట్లాడతా, నాకిప్పుడు ఇంక్రిమెంట్ భయం లేదు, రిటైరయ్యా.

తండాబడి
అట్లాగే రాస్తా సార్. ఇంగ్లీషుకు ఒకటి దొరికింది నిజానికి, పిచ్చుక ఇల్లు కురుస్తదన్నారు కదా, ఆ 'లీక్' మాట అందరికీ ఒక్కసారిలో వచ్చేసింది.

డీఎడ్_సెకండియర్
ఇదంతా కలిపి ఎవరైనా పీడీఎఫ్ చేస్తే బాగుంటుంది కదా.

నకిరేకల్_నాన్న
నువ్వే చెయ్యి బాబూ, నీకే పేరొస్తది.

తాపీమేస్త్రి
మేడం, సోమవారం పిల్లలకు చూపియ్యాలంటే లెవెల్ పైపు చూపియ్యిర్రి. సన్నటి తెల్ల పైపు పది పన్నెండు అడుగులు చాలు, హార్డ్‌వేర్ షాపుల దొరుకుతది. నీళ్లు పోసి రెండు కొసలు రెండు గోడల కాడ పట్టుకుంటే నీళ్లు రెండు దిక్కుల ఒకటే ఎత్తుల నిలబడతయ్. అక్కడ గీత గీస్తే లెవెల్ దొరుకుతది. మీ బడి కిటికీలు సమానంగ ఉన్నయో లేవో పిల్లలే చెప్తరు.

తండాబడి
ఇంట్లో ఒకసారి చేసి చూశా అన్నా. రెండు వైపులా తేడా వస్తోంది.

తాపీమేస్త్రి
పైపుల గాలి బుడగ ఉండి ఉంటది. బుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తది. ఒక కొస బకెట్ల ముంచి, రెండో కొసతోని గుంజి, నీళ్లు ధారగ పోనియ్యుర్రి, బుడగ ఎల్లిపోతది. రెండు కొసలు ఏలుతోని మూసి పెట్టొద్దు, తెరిచే ఉండాలె. రాత్రి పని అయినంక వీడియో తీసి పెడ్త.